కొత్త పుస్తకం కబురు ఎవరు తెస్తారు?

ప్రశ్న: నాకు నలభై ఏడేళ్ళు. హుజూరాబాద్‌లో ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. డిగ్రీ రోజుల్లో వారపత్రికల సీరియళ్ళు, అద్దెకు తెచ్చుకున్న నవలలు తెగ చదివేదాన్ని. పెళ్లయ్యాక ఆ అలవాటు పోయింది. ఈ ఏడాది అబ్బాయి ఇంజనీరింగ్ హాస్టల్‌కు పోయాడు, మళ్ళీ చదవాలని ఉంది. మొన్న హన్మకొండలో ఒక పుస్తకాల షాపుకు పోయి కొత్త నవలలు అడిగితే, కానిస్టేబుల్ గైడ్ల వెనక నుంచి నేను ఇంటర్‌లో చదివినవే తీసి చూపించారు. ఫోన్‌లో చూసి రెండు తెప్పించుకున్నాను. అందరూ అద్భుతం అన్నవే. ఇరవై పేజీలు దాటలేకపోయాను. తప్పు నాదేనేమో. అసలు కొత్త పుస్తకాలు వస్తున్నాయా? వస్తే మావంటి వాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? నచ్చేదేదో కొనకముందే ఎట్లా పసిగట్టాలి? ఆ రెండు పుస్తకాలను ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, హుజూరాబాద్

సమాధానం:

ముందు ఆ "తప్పు నాదేనేమో" అన్న మాట కొట్టేయండి. కుట్టిన జాకెట్టు బిగుతైందని ఎవరైనా తిరిగి తెస్తే మీరు ఆమె ఒంటిని తప్పుపట్టరు గదా. పుస్తకమైనా అంతే. ఇరవై పేజీలు ఓపిక పట్టారు, చాలు.

కొత్త పుస్తకాలు బాగానే వస్తున్నాయి. రానిదల్లా వాటి కబురు. మీ డిగ్రీ రోజుల్లో ఆ కబురు కోసం ఎవరూ వెతుక్కోలేదు. సీరియల్ నడుస్తుండగానే నవల ఇంట్లోకి వచ్చి కూర్చునేది, పుస్తకంగా అచ్చయ్యే నాటికి అందులోని పాత్రలు మీకు చుట్టాలైపోయేవి. ఆ వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు మిగిలినవాటిలోనూ కొన్ని ఆగిపోయాయి. ఇప్పుడు కథల పుస్తకమో నవలో వేస్తే ఐదు వందలో వెయ్యో కాపీలు. చాలాసార్లు రచయితే సొంత డబ్బు పెట్టుకుంటాడు. షాపతను మాత్రం ఏం చేస్తాడు? గైడు పొద్దున పెడితే సాయంత్రానికి పోతుంది. కథల పుస్తకం ఆర్నెల్లు దుమ్ము పట్టి అక్కడే ఉంటుంది. అద్దె కట్టేది గైడే. మీకు పాత నవలలు చూపించాడంటే, కనీసం అవి అమ్ముడుపోతాయని అతనికి తెలుసు.

అయినా మన దిక్కు పుస్తకం ఎప్పుడు షాపు వెంట వచ్చింది? మనిషి వెంటే వచ్చింది. నిజాం కాలంలో తెలుగు బడే దొరకని రోజుల్లో, 1904లో, హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి, వేసిన పుస్తకాలను సంచిలో వేసుకొని తానే తిరిగి అమ్మాడు. ప్రచురించిన మనిషే గుమ్మంలోకి వచ్చి "ఇది చదువు" అనేవాడన్నమాట. ఆ పద్ధతి పోయిందనుకుంటాం గాని పూర్తిగా పోలేదు. దాన్ని పట్టుకునే దారులు నాకు తెలిసినంతలో చెప్తాను.

మొదటిది సోమవారం పేపరు. మన దినపత్రికల్లో సాహిత్యం పేజీ సోమవారం వస్తుంది. ఆంధ్రజ్యోతిలో 'వివిధ', నమస్తే తెలంగాణలో 'చెలిమె', నవతెలంగాణలో 'దర్వాజ'. అన్నీ కొనక్కర్లేదు. మంగళవారం పొద్దున మీ ఊరి గ్రంథాలయానికి పోండి. నిన్నటి పేపర్లన్నీ అక్కడే ఉంటాయి, జనం అప్పటికే ఇవాళ్టి వాటి మీద పడి ఉంటారు కాబట్టి తీరిగ్గా చూసుకోవచ్చు. పెద్ద వ్యాసాలు మొదట్లో వదిలేయండి. వాటిలో సగం సాహిత్యకారులు ఒకరికొకరు రాసుకునే జవాబులు, ముందు కథ తెలియకపోతే అర్థం కావు. అంచున ఉండే చిన్న అక్షరాల గళ్ళు చూడండి. "ఆవిష్కరణ సభ", "కొత్త పుస్తకాలు" అని ఉంటుంది. పుస్తకం పేరు, పేజీలు, వెల, చివర "ప్రతులకు" అని ఒక ఫోన్ నంబరు.

ఆ "ప్రతులకు" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. మీకు కావాల్సిన షాపు అదే. చాలామంది అది పబ్లిషర్ ఆఫీసు నంబరనుకొని చేయరు. చేసి చూడండి. పదింట ఆరుసార్లు ఎత్తేది రచయితే, కాకపోతే ఆయన భార్యో కొడుకో. నేను ఒకసారి అట్లా చేస్తే అవతల కుక్కర్ విజిల్ వినిపించింది. "ఒక్క నిమిషం సార్, స్టవ్ బంద్ చేసి వస్తా" అని వచ్చి, ఆ పుస్తకంలో మొదటి కథ కాకుండా నాలుగోది ముందు చదవమన్నాడాయన. ఎందుకంటే మొదటి కథ స్నేహితుల బలవంతం మీద ముందు పెట్టిందట. ఏ సమీక్షకుడూ ఈ ముక్క చెప్పడు. డబ్బులు ఫోన్‌పేలో పంపితే పుస్తకం వారంలో వచ్చింది. పుస్తకాల కోసం పోస్టాఫీసు 2025 మేలో 'జ్ఞాన్ పోస్ట్' అని తక్కువ చార్జీల సర్వీసు పెట్టింది. మొదలైనప్పుడు మూడు వందల గ్రాముల లోపు, పన్ను కాకుండా, ఇరవై రూపాయలే. కొరియర్‌కే వంద అవుతుందని ఎవరైనా అంటే ఆ పేరు చెప్పండి.

ఇక సమీక్షలు, ఫోన్‌లో కనిపించే పొగడ్తలు. అందరూ అద్భుతం అన్నారని రాశారు. అందరూ అంటే ఎవరు? తెలుగు సాహిత్య లోకం చిన్నది. రాసేవాళ్ళు, చదివేవాళ్ళు, సమీక్షించేవాళ్ళు ఒకే పెళ్లిలో ఎదురయ్యే మనుషులు. పంక్తి భోజనంలో పక్కవాడి చారు బాగాలేదని ఎవరంటారు? నేనూ ఈ పాపం చేశాను. ఒక మిత్రుడి పుస్తకం మీద, ముందుమాట, వెనక అట్ట, మధ్యలో ఓ నలభై పేజీలు చూసి "తప్పక చదవాల్సినది" అని రాసేశాను. నెల తిరగకుండా ఒక పోస్టుకార్డు వచ్చింది. "మీరు రాసింది చూసి కొన్నాను. మీరు చదివారా?" అంతే. సంతకం కూడా లేదు. ఆ కార్డు ఇంకా నా టేబుల్ అద్దం కింద ఉంది.

అందుకని సమీక్షలో విశేషణాలు దాటేయండి. "గుండెను తడిమే", "అక్షర యజ్ఞం", "సమాజానికి అద్దం" వంటివి కనిపిస్తే కళ్ళు కిందికి జరపండి. పుస్తకం నుంచి ఎత్తి రాసిన నాలుగు వాక్యాలు ఉన్నాయా అని చూడండి. ఉంటే అవే సమీక్ష. ఆ నాలుగూ మీకు చదవబుద్ధి అయితే కొనండి, సమీక్షకుడు తిట్టినా సరే. కథలో ఎవరు, ఏ ఊరు, ఏం పని చేస్తారు అన్నది కూడా లేకుండా అరపేజీ పొగిడారంటే, నేను చేసిన పనే వాళ్ళూ చేశారనుకోవచ్చు.

పుస్తకం చేతికి దొరికితే మొదటి పేజీ కాదు, మధ్యలో తెరిచి ఒక పేజీ నిలబడే చదవండి. మొదటి పేజీని రచయిత పదిసార్లు ఇస్త్రీ చేసి ఉంటాడు. బట్ట రంగు ఎట్లాంటిదో లోపలి మడత చూస్తేనే తెలుస్తుందని మీకు నేను చెప్పాలా?

ఆవిష్కరణ సభలకు పోవచ్చా అని మీరు అడగలేదు గాని పోండి. పిలుపు అక్కర్లేదు, కుర్చీలు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. హన్మకొండలో భాషా నిలయంలోనో, ప్రెస్ క్లబ్‌లోనో జరుగుతుంటాయి. 2024 నవంబరులో తెరిచిన కాళోజీ కళాక్షేత్రం కూడా ఉంది. నాలుగు గంటలకని వేస్తారు, ఐదుంబావుకు మొదలవుతుంది. వేదిక మీద ఎనిమిది మంది, కింద ముప్పై మంది. శాలువాలు, మెమెంటోలు. వక్తల్లో "పుస్తక పరిచయం" అని ఎవరి పేరు పక్కన ఉందో ఆ ఒక్కరి మాట వినండి, పూర్తిగా చదివి వచ్చేది సాధారణంగా ఆ ఒక్కరే. మిగతా ప్రసంగాలప్పుడు వెనక తలుపు దగ్గర వేసిన టేబుల్ దగ్గరికి జారుకోండి. ఆ రోజు పుస్తకం తగ్గింపు ధరకు దొరుకుతుంది. దాంతోపాటు ఆ ప్రచురణకర్తవే పాతవో, ఇంకో రచయిత నాలుగు కాపీలు తెచ్చి పెట్టినవో ఉంటాయి. షాపులో ఎన్నడూ కనిపించనివి నేను ఆ టేబుళ్ళ మీదే కొన్నాను. కరీంనగర్ బస్సులు మీ ఊరి మీదుగానే పోతాయి, మీకు ఎట్లాగూ జీరో టికెట్. ఒక ఆదివారం పెట్టుకోండి. వీలైతే సెప్టెంబరు 9 చుట్టుపక్కల రండి. కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ వారం ఊరంతా ఏదో ఒక సభ ఉంటుంది. అదే రోజు ప్రభుత్వం కాళోజీ పురస్కారం ఇస్తుంది. 2024లో నలిమెల భాస్కర్‌కు, 2025లో నెల్లుట్ల రమాదేవికి వచ్చింది. ఆ పేర్లు పట్టుకొని గ్రంథాలయంలో అడిగినా ఒక దారి దొరుకుతుంది.

అవార్డుల సంగతి వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. కేంద్ర సాహిత్య అకాడమీ పెద్ద అవార్డు మామూలుగా డిసెంబరులో ప్రకటిస్తారు. మీరు దాన్నికాదు, ముప్పై అయిదేళ్ళ లోపు వాళ్ళకిచ్చే యువ పురస్కారాన్ని గమనించండి. పెద్ద అవార్డు చాలాసార్లు ఒక జీవితకాలపు సేవకు దండ. యువ పురస్కారంలో నిజంగా కొత్త గొంతు దొరికే అవకాశం ఎక్కువ. 2024లో అది నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్‌కు, బంజారా కథల పుస్తకానికి వచ్చింది. పాత కరీంనగర్ జిల్లాకు పక్క జిల్లానే. ఆ తండాల మనుషులు మన సంతల్లో కనిపిస్తారు, మన కథల్లో మాత్రం ఇన్నాళ్ళూ పెద్దగా కనిపించలేదు.

గ్రంథాలయం దగ్గర ఇంకాస్త ఆగాలి. అక్కడ పేపర్లు చదివే మగవాళ్ళు, పోటీ పరీక్షల పిల్లలు తప్ప ఎవరూ ఉండరని మీకు బెరుకు ఉండొచ్చు. ఉండనివ్వండి. సభ్యత్వం తీసుకొని బీరువా దగ్గరికి పోండి. నవల తీసి అట్ట చూడకండి, చివరి పేజీ తిప్పండి. అక్కడ తిరిగి ఇవ్వాల్సిన తేదీల చీటీ అంటించి ఉంటుంది. నాకు తెలిసి దానికన్నా నిజాయితీ గల సమీక్ష లేదు. మొన్న నేను తీసిన ఒక బెంగాలీ అనువాద నవలకు ఒక చీటీ నిండిపోతే దాని మీద రెండోది, అది కూడా నిండితే మూడోది అంటించారు. ఊదా రంగు ముద్రలు, కొన్ని తలకిందులుగా. ఒకే నెలలో రెండు ముద్రలు ఉన్నాయంటే ఎవరో వారంలో చదివేసి ఇస్తే ఇంకెవరో వెంటనే పట్టుకుపోయారని. దాని పక్కనే తళతళలాడే గట్టి అట్ట పుస్తకం, మంత్రిగారు ఆవిష్కరించింది, చీటీ మీద ఒక్క ముద్ర లేదు. ఏది ఇంటికి తెచ్చుకున్నానో చెప్పక్కర్లేదు.

కొత్తవి లేవంటే అడగండి. ఊరికే కాదు, పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంస్థ కాగితం మీద రాసి ఇవ్వండి. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. అంటే ఆ బీరువాలో మీ పైసలు ఉన్నాయి. మున్సిపాలిటీలు ఆ డబ్బు గ్రంథాలయ సంస్థలకు సరిగా జమ చేయవన్నది వేరే గొడవ, దాని గురించి మొదలుపెడితే ఈ పేజీ చాలదు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారం అధికారులు కూడా అక్కడికి వస్తారు. మీ కాగితం ఇవ్వడానికి మంచి ముహూర్తం.

ఎవరి రచన మీకు పడుతుందో తెలియడానికి నవలలకన్నా కథల సంకలనాలు మేలు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం గదా. 1990 నుంచి ఏటా వస్తున్న 'కథ' సంకలనాల్లో ఏ రెండు మూడు దొరికినా తెచ్చుకోండి. పది పన్నెండు మంది రచయితలు ఉంటారు. ఇద్దరు నచ్చితే చాలు, ఆ ఇద్దరి పుస్తకాలు వెతకండి, వాటి చివరి పేజీల్లో "మా ప్రచురణలు" అని ఉండే జాబితా చూడండి. ఒకే అభిరుచి గల ప్రచురణకర్త దొరికితే సగం పని అయిపోయినట్టే. ఫోన్‌లోనే చదవాలంటే 'ఈమాట' 1998 నుంచి వస్తోంది, 'సారంగ' ఉంది, పైసా ఖర్చు లేదు. మిషన్ మీద కూర్చున్నప్పుడు చేతులు ఖాళీ ఉండవు కాబట్టి 'దాసుభాషితం' యాప్‌లో తెలుగు పుస్తకాలు వినొచ్చు. పీకో చేస్తూ వినడం కుదురుతుంది గాని కటింగ్ అప్పుడు వద్దు, కథ మంచి పట్టులో ఉంటే చెయ్యి ఖరాబు చేస్తుంది. అనువాదాల మీద చిన్నచూపు ఉంటే తీసేయండి. 2025లో అంతర్జాతీయ బుకర్ తెచ్చుకున్న బాను ముష్తాక్ కన్నడంలో రాసింది, మనలాంటి ఇళ్ళలోని ముస్లిం ఆడవాళ్ళ కథలే.

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఇందిరా పార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో. జమ్మికుంటలో రైలెక్కితే ఒక్క రోజులో పోయి రావచ్చు. ఆదివారం మాత్రం పోకండి, తిరునాళ్ళే. డబ్బులు లెక్కపెట్టి తీసుకుపోండి. నేను ఒక ఏడు మూడు వేలు పెట్టి సంచి నిండా తెచ్చాను, అందులో ఐదు ఇప్పటికీ తెరవలేదు. మా ఇంట్లో ఆ సంచిని అదే పేరుతో పిలుస్తారు, "మూడువేల సంచి" అని.

ఇవన్నీ ఒక ఎత్తు. మీకున్న అసలు బలం మీ ఉత్తరంలోనే ఉంది గాని మీరు చూసుకోలేదు. మీ ఇంటికి రోజుకు ఎంతమంది ఆడవాళ్ళు వస్తారు? టీచర్లు, అంగన్‌వాడీ వాళ్ళు, బ్యాంకులో చేసేవాళ్ళు, కాలేజీ పిల్లలు. కొలతలు తీసేటప్పుడు పది నిమిషాలు, ట్రయల్ అప్పుడు ఇంకో పది. మీ కటింగ్ టేబుల్ మీద, టేపు పక్కన, ఒక పుస్తకం బోర్లా పెట్టి ఉంచండి. మీరేం మాట్లాడకండి. మూడో రోజో నాలుగో రోజో ఎవరో ఒకరు తిప్పి చూస్తారు. "ఇది మీరు చదువుతరా అక్కా?" అంటారు. తర్వాత "నా దగ్గర ఇంకోటుంది" అంటారు. మీరు అడుగుతున్న కబురు ఆ వాక్యంతో మొదలవుతుంది. ఆళ్వారుస్వామి సంచి మోసుకొని ఊళ్ళు తిరగాల్సి వచ్చింది. మీ దగ్గరికి ఊరే వస్తోంది.

వచ్చినవాళ్ళలో మీ రుచి కలిసేవాళ్ళు ఒక్కరు దొరికినా అదృష్టం. కలవకపోయినా పనికొస్తారు. నాకు ఒక మిత్రుడున్నాడు, ఆయన బాగుందన్న పుస్తకం నాకు ఇప్పటిదాకా ఒక్కటీ నచ్చలేదు. ఆయన "అబ్బే, ఏముంది అందులో, ఏం జరగదు" అన్నాడంటే ఆ సాయంత్రమే తెప్పించుకుంటాను. ముప్పై ఏళ్ళుగా ఆయన మాట నన్ను మోసం చేయలేదు.

చివరగా ఆ రెండు పుస్తకాలు. ఒకటి టేబుల్ మీద పెట్టండి, మీకు పట్టనిది ఇంకొకరికి పట్టొచ్చు. రెండోది, ఉత్తరంలో మీరు పేరు రాసినా ఇక్కడ అచ్చు వేయని ఆ ఎర్ర అట్ట నవల, నేను ఇంకా చదవలేదు. పత్రిక అడ్రసుకు పంపండి, పోస్టు చార్జీ నేను పెట్టుకుంటాను. ఇరవయ్యో పేజీ దగ్గర మీరు ఎక్కడ ఆగారో పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి పంపండి.